బోయజు పురద్వారం దగ్గర ఎందుకు కూర్చున్నాడు?

2017 వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. మా సంఘ సభ్యురాలే. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని తల్లి దగ్గర వదిలిపెట్టి, ఇంటిపని వీసా మీద వెళ్లిన మనిషి. నెల్లూరు జిల్లాలో మా వైపు ఇలా వెళ్లినవాళ్లు వీధికొకరు ఉంటారు. ఆమె బాగా గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "అయ్యగారూ, బాబా ఒక కాయితం ఇచ్చినాడు. అంతా అరబ్బీలో ఉండాది. సంతకం పెడితే టికెట్టు కొని పంపిస్తానంటున్నాడు. లేకపోతే పోలీసులకు అప్పజెప్తాడంట. ఏం చెయ్యమంటారు?" బాబా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమాని. అక్కడ అలాగే పిలవాలి.

మంచం మీదే కూర్చుని ఫోన్‌లో ప్రార్థన చేశాను. తర్వాత నాకు తోచిన మాట చెప్పాను. "పెట్టేసి వచ్చెయ్యమ్మా. ప్రాణాలతో పిల్లల దగ్గరికి చేరితే అదే పదివేలు." ఆమె పెట్టింది. నాలుగో రోజున ఇల్లు చేరింది. ఆ ఆదివారం సంఘమంతా కృతజ్ఞతాస్తుతులు చెల్లించాం. బియ్యం బస్తా కొనిచ్చాం. పిల్లల స్కూలు ఫీజులకు చందా వేసుకున్నాం.

కొన్ని నెలల తర్వాత ఆమె బ్యాగులో ఆ కాగితం నకలు బయటపడింది. మా ఊరి మదరసాలో అరబ్బీ చెప్పే హజ్రత్ గారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి, నా వైపు కాక ఆమె వైపు చూసి చెప్పారు. "రావలసిన జీతం అంతా ముట్టింది, ఇక నాకు ఏ బాకీ లేదు అని రాసి ఉందమ్మా." నిజానికి ఆమెకు తొమ్మిది నెలల జీతం రావాలి. నెలకు 60 దీనార్లు. అప్పటి మారకంలో మొత్తం లక్ష రూపాయలకు పైమాటే.

కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవారి కోసం 2015లోనే ఒక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికొక రోజు సెలవివ్వాలని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దీనార్లని నిర్ణయించారు. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేసుకోవడానికి అక్కడి ప్రభుత్వంలో ఒక విభాగం ఉంది. ఇక మన రాయబార కార్యాలయాల్లో, కష్టాల్లో పడ్డ భారతీయుల కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది. అవసరమైన వారికి న్యాయ సహాయం కూడా దానిలోంచి చేయవచ్చు. ఇవేవీ ఆ రాత్రి నాకు తెలియవు. తెలియకపోవడం ఒక తప్పు. ముందు ఆ కాగితం ఎవరైనా చదవాలి, ఆమె తరఫున మాట్లాడే మనిషి ఒకరుండాలి అన్న ఆలోచనే ఇరవై ఏళ్ల సేవ చేసిన నాకు తట్టకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆమె ఒక్కనాడూ నన్ను నిందించలేదు. అందుకేనేమో ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ తర్వాతే రూతు గ్రంథం నాకు వేరుగా కనిపించడం మొదలైంది. మనం రూతు మీద ప్రసంగించేటప్పుడు ఎక్కువసేపు రెండో అధ్యాయంలోనే ఉండిపోతాం. పరిగె ఏరుకుంటున్న పరదేశిని బోయజు ఆదరించడం, తన పనివాళ్లతోపాటు భోజనానికి పిలవడం, ఆమె కోసం పిడికిళ్లతో వెన్నులు విడిచిపెట్టమని చెప్పడం మనకు ఇష్టమైన దృశ్యాలు. మూడో అధ్యాయంలో ఆరు కొలల యవలు కొంగున పోసి పంపిస్తాడు. ఎంత మంచివాడు అనుకుంటాం. అక్కడితో పుస్తకం ముగిసిపోయి ఉంటే రూతు జీవితాంతం పరిగె ఏరుకుంటూనే ఉండేది.

నాలుగో అధ్యాయం మొదటి వచనంలో బోయజు పొలానికి వెళ్లలేదు, పురద్వారానికి వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఊరి గవినే కోర్టు. భూమి తగాదాలు, వారసత్వాలు, ఆశ్రయం కోరి వచ్చినవారి విచారణలు అన్నీ అక్కడే. ఆయన పెద్దలను పదిమందిని పిలిచి కూర్చోబెట్టాడు. అవతలి బంధువును పిలిచి కూర్చోబెట్టాడు. సంగతి ఒక క్రమంలో చెప్పాడు, సాక్షులను నిలబెట్టాడు. ఆ విచారణ మొత్తంలో రూతు ఒక్క మాట కూడా మాట్లాడదు. గమనించారా? ఆమె విధవరాలు, ఆ పైన మోయాబీయురాలు. మోయాబీయులను సమాజంలో చేర్చుకోకూడదన్న కట్టడ ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో ఉండనే ఉంది. ఆమె నోరు తెరిచినా వినేవారెవరు? బోయజు ఆమె పరదేశి అన్న సంగతి దాచి కేసు గెలవాలని చూడలేదు. మోయాబీయురాలని ఆ పెద్దల ఎదుటే రెండుసార్లు చెప్పాడు.

యవలు కొలిచి ఇవ్వడం మన సంఘాలకు బాగా తెలుసు. వరదలొచ్చినా, అగ్గిపడ్డా ముందు మనవాళ్లే అన్నం వండుకుని వెళ్తారు. పురద్వారం దాకా వెళ్లడం మాత్రం మనకు అలవాటు లేదు. ఆ దారి కష్టపడి నేర్చుకున్న సంఘాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానితో మా తెలుగు బాప్టిస్టులకు తల్లీబిడ్డల సంబంధం కూడా ఉంది.

'ఒంటరి నక్షత్రం' అని పేరుపడ్డ నెల్లూరు మిషన్‌ను నిలబెట్టింది, ఒంగోలుకు డాక్టర్ క్లౌ గారిని పంపింది అమెరికా బాప్టిస్టులే. 1876-78 నాటి ధాతు కరువులో క్లౌ గారు ప్రసంగాలు చేస్తూ కూర్చోలేదు. ప్రభుత్వం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఒక పాస్టరు కాంట్రాక్టు కాగితం మీద సంతకం చేయడం కూడా పరిచర్యేనని ఆ రోజే మనకు చూపించారు. మనమే మరిచిపోయాం. ఆ బాప్టిస్టు సంస్థ 1985లో తన దేశ ప్రభుత్వం మీదే కోర్టుకెక్కింది. ఆ కథ కొంచెం వివరంగా చెప్పాలి.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం. 1980 మార్చి 24న అక్కడి ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమేరో ఆరాధన జరిపిస్తుండగానే తుపాకీతో కాల్చి చంపారు. ఆ తర్వాత పన్నెండేళ్లు సాగిన అంతర్యుద్ధంలో సుమారు 75 వేల మంది చనిపోయారు. పక్కనున్న గ్వాటెమాలలోనూ అదే రక్తపాతం. ప్రాణభయంతో జనం ఉత్తరానికి, అమెరికా వైపు పారిపోయారు. అదే ఏడాది జులైలో అలా వస్తున్న ఒక గుంపును దళారులు అరిజోనా ఎడారిలో వదిలేసి పోయారు. 13 మంది ఎండకు, దాహానికి చనిపోయారు. బతికినవాళ్లను టూసాన్ నగరంలోని సంఘాలు అక్కున చేర్చుకున్నాయి. అన్నం పెట్టాయి, బట్టలిచ్చాయి. ఇంతలో ప్రభుత్వం వాళ్లను తిరిగి అదే దేశానికి పంపించేయబోతోందని తెలిసింది.

జిమ్ కార్బెట్ అని ఒకాయన ఉండేవారు. క్వేకరు విశ్వాసి. పశువులు పెంచుకుని, కీళ్లవాతంతో చేతులు వంకర్లు తిరిగి విశ్రాంతిలో ఉన్న మనిషి. హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివినాయన కూడా. 1981 మే నెలలో ఆయన మిత్రుడి కారెక్కిన ఒక సాల్వడార్ యువకుణ్ణి దారిలో సరిహద్దు గస్తీవాళ్లు పట్టుకుపోయారు. అతను ఏమయ్యాడో కనుక్కుందామని కార్బెట్ బయలుదేరారు. అప్పుడు ఆయనకు తెలిసింది, జీ-28 అనే ఒక ఫారం మీద ఆ ఖైదీ సంతకం ఉండాలని. ఫలానా న్యాయవాది నా తరఫున మాట్లాడతారని తెలిపే కాగితం అది. మన కోర్టుల్లో వకాల్తా లాంటిదనుకోండి. అది లేకపోతే ఆ మనిషి తరఫున అడిగే అధికారం ఎవరికీ లేనట్టే.

ఆయన ఫారం పట్టుకుని నోగాలెస్ అనే సరిహద్దు పట్టణంలోని జైలుకు వెళ్లారు. అక్కడ అతనొక్కడే కాదు, ఇంకా కొందరు సాల్వడార్ వాళ్లున్నారు. చేతిలో ఉన్న ఫారాలు చాలలేదు. మరికొన్ని తెద్దామని గస్తీ కార్యాలయానికి వెళ్తే అక్కడ ఆయనను కూర్చోబెట్టారు. తిరిగి జైలుకొచ్చేసరికి ఆ మనుషులు లేరు. వేరే చోటికి తరలించేశారు.

1990ల మొదట్లో సెమినరీలో మాకు లాటిన్ అమెరికా విమోచన వేదాంతం మీద పాఠాలుండేవి. రొమేరో గారి గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఈ ఫారం సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. పడినా, ఇందులో వేదాంతం ఏముంది అని పేజీ తిప్పేసేవాణ్ణేమో.

కార్బెట్, టూసాన్ సంఘాలు మొదట చట్టం చెప్పిన దారినే పట్టాయి. కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రో నిర్బంధ కేంద్రానికి గంటల తరబడి ప్రయాణం చేసి వెళ్లారు, జామీను డబ్బు పోగుచేశారు, ఒక్కొక్కరి చేత ఆశ్రయం దరఖాస్తులు రాయించారు. అయినా ఎల్ సాల్వడార్ ప్రభుత్వానికి ఆయుధాలిస్తున్నది అమెరికాయే కాబట్టి, ఆ ప్రభుత్వం జనాన్ని చంపుతోందని ఒప్పుకోవడం వాషింగ్టన్‌కు ఇబ్బంది. 1984లో సాల్వడార్, గ్వాటెమాల వాళ్ల దరఖాస్తుల్లో మంజూరైనవి నూటికి మూడు కూడా లేవు. దారి మూసుకుపోయాక 1982 మార్చి 24న, రొమేరో గారి వర్ధంతి రోజున, టూసాన్‌లోని సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి జాన్ ఫైఫ్ తమ గుడి ఆశ్రయపురమని బహిరంగంగా ప్రకటించారు. తర్వాతి సంవత్సరాల్లో వందల సంఘాలు ఆ మాటే అన్నాయి. ప్రభుత్వం బైబిలు స్టడీలకు కూడా గూఢచారులను పంపి మాటలు రికార్డు చేయించింది. 1986లో ఫైఫ్‌తో సహా ఎనిమిది మందిని కోర్టు దోషులుగా తేల్చింది. జైలు వేయకుండా ప్రొబేషన్‌తో విడిచిపెట్టింది. చట్టాన్ని కాదని వాళ్లు చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను నేను చిన్నచూపు చూడను. అయితే 1992లో ఆ ఫైఫ్ గారినే తమ సర్వసభకు మోడరేటరుగా అమెరికా ప్రెస్బిటేరియన్లు ఎన్నుకున్నారు.

సాంక్చురీ ఉద్యమం అనగానే అందరూ ఆ గుడి తలుపులే గుర్తుచేసుకుంటారు. నా మట్టుకు నాకు ఆ తలుపుల కంటే కోర్టు మెట్ల మీద జరిగిందే ముఖ్యమనిపిస్తుంది. 1985లో అమెరికన్ బాప్టిస్టు చర్చెస్ మొదటి పేరుగా, అనేక మత సంస్థలు, శరణార్థుల సంఘాలు కలిసి దావా వేశాయి. ఈ దేశాల వాళ్ల దరఖాస్తులను న్యాయంగా వినడం లేదన్నది ఫిర్యాదు. ఆరేళ్లు నడిచింది. 1991 జనవరి 31న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టు రాజీ ఒప్పందాన్ని ఆమోదించింది. విదేశాంగ విధానం అవసరాలకూ, ఒక మనిషికి ఆశ్రయం ఇవ్వాలా వద్దా అన్నదానికీ సంబంధం ఉండకూడదని ప్రభుత్వమే అందులో ఒప్పుకుంది. ముందు తోసిపుచ్చిన వారికి కూడా మొదటి నుంచి కొత్తగా విచారణ దొరికింది. రెండు లక్షలకు పైగా మనుషులు ఆ ఒప్పందం కింద పేరు నమోదు చేసుకున్నారు. 1997లో వచ్చిన చట్టం వారిలో చాలామందికి శాశ్వత నివాసానికి దారి తెరిచింది. మనకు సువార్త తెచ్చిన సంఘం పేరు ఇవాళ అమెరికా న్యాయశాస్త్ర విద్యార్థులు చదివే ఒక కేసు పేరు. మన సంఘ చరిత్ర పుస్తకాల్లో ఇది ఎక్కడా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఆ కాలంలోనే ఇంకో కేసు నడిచింది. దాని గురించి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. పట్టుబడ్డ సాల్వడార్ వాళ్ల ముందు అధికారులు ఒక కాగితం పెట్టేవారు. స్వచ్ఛందంగా నా దేశానికి వెళ్లిపోతున్నాను అని అందులో ఉండేది. సంతకం పెట్టకపోతే నెలల తరబడి లోపలే ఉంటావని, ఆశ్రయం అడిగినా దొరకదని బెదిరించేవారు. ఆశ్రయం అడిగే హక్కు ఉందన్న సంగతి చెప్పేవారే కాదు. దీనిమీద 1982లో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. 1988లో న్యాయమూర్తి డేవిడ్ కెన్యన్ తీర్పు ఇచ్చారు. ఒత్తిడి చేసి సంతకం పెట్టించకూడదు. ఆశ్రయం అడగవచ్చని, లాయరుతో మాట్లాడవచ్చని ఆ మనిషికి తెలియజెప్పాలి. ఉచితంగా కేసు చూసే న్యాయవాదుల జాబితా చేతికివ్వాలి, ఫోన్ అందుబాటులో ఉంచాలి. లాయరు లేనివాణ్ణి ఏడు రోజులపాటు దూరంగా వేరే చోటికి తరలించకూడదు. నోగాలెస్ జైలు సంగతి గుర్తుచేసుకుంటే ఆ చివరి షరతు విలువ తెలుస్తుంది. నాకైతే ఆ కాగితం గురించి చదువుతుంటే కువైట్ ఫోనే వినిపించింది. సంతకం పెట్టెయ్యమ్మా అన్న గొంతు అధికారిది కాదు, నాది.

ఇప్పుడైనా పరిస్థితి మారిపోయిందని చెప్పలేను. అమెరికాలో దొంగతనం కేసులో ఇరుక్కున్న పేదవాడికి ప్రభుత్వమే లాయరును పెడుతుంది. ఫ్లోరిడా జైలు నుంచి గిడియన్ అనే ఖైదీ పెన్సిలుతో రాసిన అర్జీ మీద 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన హక్కు అది. దేశం నుంచి పంపించివేసే కేసు మాత్రం క్రిమినల్ కేసు కాదు, సివిల్ కేసు. అక్కడ లాయరును పెట్టుకునే హక్కు ఉంది కానీ ప్రభుత్వానికి ఖర్చు లేకుండా పెట్టుకోవాలని చట్టంలోనే రాసి ఉంది. ప్రభుత్వం తరఫున మాత్రం ప్రతి విచారణలోనూ లాయరుంటారు. 2007 నుంచి 2012 వరకు తేలిన 12 లక్షలకు పైగా కేసులను పరిశీలించిన ఒక అధ్యయనంలో లాయరు ఉన్నవారు నూటికి 37 మంది. నిర్బంధంలో ఉన్నవారిలోనైతే 14 మందే.

పిల్లల సంగతి అడగకండి. తల్లిదండ్రులు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన పిల్లలు కూడా ఆ జడ్జీ ఎదుట నిలబడాలి. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు కూడా ఇమిగ్రేషన్ చట్టం అర్థమయ్యేలా చెప్పగలనని ఒక సీనియర్ ఇమిగ్రేషన్ జడ్జి ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చిన సంగతి 2016లో పత్రికల్లో వచ్చింది. మా సండే స్కూలులో నాలుగేళ్ల పిల్లలు తమ ఇంటిపేరు కూడా సరిగా చెప్పలేరు. 2025 మార్చిలో అయితే ఇలాంటి పిల్లలు సుమారు 26 వేల మందికి న్యాయవాదులను సమకూర్చే నిధులను ప్రభుత్వం ఆపేసింది. కోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

లాయరు ఉంటే నిజంగా తేడా ఉంటుందా అని అడిగేవారికి న్యూయార్క్ జవాబు. అక్కడ 2013లో నగరపాలక సంస్థ సొంత డబ్బుతో నిర్బంధంలో ఉన్న వలసవారికి ఉచితంగా లాయర్లను పెట్టడం మొదలుపెట్టింది. 2017లో వెలువడిన ఒక మదింపు ప్రకారం, లాయరు లేనప్పుడు నూటికి నలుగురు గెలిచే చోట, ఈ పథకం కింద గెలుపు నూటికి 48కి చేరుతుందని అంచనా. మనుషులు వాళ్లే, చట్టమూ అదే. పక్కన నిలబడ్డ మనిషి ఒకరు పెరిగారు.

ఆ దేశంలో నాకు నచ్చిన ఏర్పాటు ఇంకొకటుంది. లాయరు కాకపోయినా, లాభాపేక్ష లేని సంస్థలో పనిచేస్తూ తగిన శిక్షణ పొందిన వ్యక్తికి న్యాయశాఖ గుర్తింపు ఇస్తే వలసవారి తరఫున హాజరు కావచ్చు. ఎన్నో సంఘాలు, క్రైస్తవ సంస్థలు ఈ వీలును వాడుకుంటున్నాయి. ఇవాంజెలికల్ సంఘాలకు చెందిన వరల్డ్ రిలీఫ్ వాటిలో ఒకటి.

మన తెలుగువాళ్లకు లాయరు విలువ తెలియదని కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడి మన పిల్లలు కొందరికి కాళ్లకు రేడియో పట్టీలు కట్టినప్పుడు ఇక్కడ ఎంత గోల జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో మిషిగన్‌లో అధికారులే ఫార్మింగ్టన్ పేరుతో ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి వందకు పైగా భారతీయ విద్యార్థులను పట్టుకున్నప్పుడు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. తెలుగు సంఘాలు రాత్రికి రాత్రే లాయర్లను వెతికాయి. మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది. మంచి పని. ఇంజినీరింగ్ చదివిన పిల్లవాడు చిక్కుకుంటే మన నోటికి వచ్చిన మొదటి మాట 'లాయరున్నాడా?'. అంట్లు తోమడానికి వెళ్లిన అమ్మ చిక్కుకుంటే 'ప్రార్థన చేద్దాం'. ప్రార్థన ఇద్దరికీ కావాలి. లాయరు ఒక్కరికే ఎందుకు?

కాపరులకు కోర్టు గొడవలెందుకని పెద్దలు కొందరు అంటారు. విశ్వాసులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యమాడకూడదని పౌలు కొరింథీయులకు రాసిన మాట చూపిస్తారు. అది సహోదరుల మధ్య తగాదాల గురించి. అదే పౌలు తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కైసరు ఎదుట విచారణ కోరుకున్నాడు. అపొస్తలుల కార్యాలు 24వ అధ్యాయం మరోసారి చదవండి. ప్రధానయాజకుడు తెర్తుల్లు అనే న్యాయవాదిని వెంటబెట్టుకుని వచ్చాడు. పౌలు పక్కన ఎవరూ లేరు. ఆయన చదువుకున్నవాడు, రోమా పౌరుడు కాబట్టి తన జవాబు తానే చెప్పుకున్నాడు. అయినా అధిపతి లంచం ఆశించి రెండేళ్లు చెరలో ఉంచాడు. పౌలుకే అలా జరిగితే, చదువూ పౌరసత్వమూ లేనివాడి గతేమిటి?

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైనదే. ఆశ్రయం అడిగేవాళ్లంతా నిజం చెబుతున్నారా? చెప్పరు. కట్టుకథలు రాసిచ్చి డబ్బు గుంజే ఏజెంట్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. మంచి లాయరు మొదట చేసే పని అబద్ధం చెప్పొద్దని తన కక్షిదారుకు చెప్పడం. ఆ లాయరు దొరకని చోటే ఏజెంటు రాజ్యమేలుతాడు.

ఇక మన గడప దగ్గరి సంగతి. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో బతుకుతున్నాయి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. వాళ్లు ఉండాలా వెళ్లాలా అన్నదానిపై మన సంఘాల్లోనే రకరకాల అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, పౌరుడు కాని మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ కూడా రాజ్యాంగం 21వ అధికరణం రక్ష. 2021లో జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాల విషయంలో వారిని పంపకుండా ఆపడానికి ఆ కోర్టు ఒప్పుకోలేదు గానీ, నిర్దేశించిన పద్ధతి పాటించకుండా పంపరాదంది. ఆ పద్ధతి పాటించారా లేదా అని అడిగే మనిషి ఒకరు లేకపోతే ఆ మాట కాగితం మీదే ఉంటుంది.

మన చట్టంలో ఆ మనిషిని ఇచ్చే ఏర్పాటుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు, మనుషుల అక్రమ రవాణాకు గురైనవారు ఉచితంగా న్యాయవాదిని కోరవచ్చు. ఆదాయంతో పని లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. 15100 అనే నంబరుకు ఫోన్ చేయవచ్చు. మా ప్రాంతంలో కాపరుల కూడికలో ఈ నంబరు ఎంతమందికి తెలుసని ఒకసారి అడిగాను. నలభై మందిలో ఇద్దరు చేతులెత్తారు. ఇద్దరిలో ఒకరు నాకు ముందురోజు చెప్పినవారే.

యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయంలో ప్రభువును మన తెలుగు బైబిలు 'ఉత్తరవాది' అంది. మూలంలో ఆ మాట పరాక్లేతోస్, మన తరఫున మాట్లాడడానికి పక్కకు పిలిచిన వ్యక్తి. సువార్తలో ప్రభువు పరిశుద్ధాత్మను గురించి వాడిందీ అదే మాట. అక్కడ మనవాళ్లు 'ఆదరణకర్త' అని అనువదించారు. రెండూ సరైనవే. అయితే ఆదరణకర్త అన్న మాట మన పాటల్లో, ప్రార్థనల్లో బాగా నిలిచింది, ఉత్తరవాది అన్న మాట అంతగా నిలవలేదు. మన తీర్పు సమయంలో మనకొక ఉత్తరవాది ఉన్నాడన్న ధైర్యంతోనే కదా మనం బతుకుతున్నాం.

మా గుడిలో ఇప్పుడొక రిజిస్టరు ఉంది. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా నకళ్లు, పనిలో పెట్టుకున్నవారి పేరు, ఏజెంటు ఫోను నంబరు, రాయబార కార్యాలయం నంబరు అందులో రాయించి వెళ్లాలి. మొదట్లో ఏజెంట్లకు కోపమొచ్చింది. ఇద్దరు వచ్చి నాతో మాట్లాడి వెళ్లారు, మర్యాదగానే. సంఘంలో ఒక అడ్వకేటు తమ్ముడున్నాడు. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మొదటి మూడు నెలలు ఎవరూ రాలేదు. ఇప్పుడు పొలం పాసుపుస్తకాల వాళ్లు కూడా వస్తున్నారు, అది వేరే సంగతి.

మొన్నామధ్య ఒక బుధవారం కూడిక ముగుస్తుండగా మళ్లీ కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. పక్క ఊరి పిల్ల, పాతికేళ్లు నిండాయో లేదో. అదే కథ. ఒక కాగితం, అరబ్బీలో. రేపు పొద్దున్నే సంతకం కావాలట. నేను అడ్వకేటు తమ్ముడి నంబరు కోసం వెతుకుతున్నాను. వెనక వరసలో కూర్చున్న ఆ అమ్మ, 2017లో నా మాట విని సంతకం పెట్టిన అమ్మ, లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సంతకం పెట్టబాకమ్మే. ఎవురు చెప్పినా పెట్టబాక. ముందు ఆ కాయితం ఫోటో తీసి పంపు. మేము హజ్రత్ గారి దగ్గరికి పోతా ఉన్నాం."